పార్సిలోపాఖ్యానము: టీకా తాత్పర్య సహితము

అవతారిక

విదేశంలో ఒక పార్సిల్ బయలుదేరిందని తెలిసిన దగ్గర్నుంచీ అది గుమ్మం తొక్కేదాకా గృహస్థు పారాయణ చేసే గ్రంథం ఒకటుంది. పొద్దున్న కాఫీకి ముందోసారి, రాత్రి పడుకోబోతూ ఒకసారి, మధ్యలో ఆఫీసులో ఎవరూ చూడనప్పుడల్లా. ఇంత నిష్ఠగా చదివే గ్రంథానికి తెలుగులో ఇప్పటిదాకా టీక లేదు. వసుచరిత్రకు ఉంది, ఆముక్తమాల్యదకు ఉంది. వావిళ్లవారు వేసిన సటీక ప్రతులు పాత ఇళ్ల అటకల మీద ఇంకా దొరుకుతూనే ఉంటాయి. ట్రాకింగ్ పేజీని మాత్రం ఎవరికి తోచిన అర్థం వాళ్లు చెప్పుకొని, వాళ్ల బీపీ వాళ్లు పెంచుకుంటున్నారు.

మెదక్ జిల్లా కొల్చారంవాడని చెప్పుకునే మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకున్నాడు. అందులో మొదటి సగం నేనూ పాటిస్తాను. రెండో సగం పాటిస్తే ఈ వ్యాసం ఉండదు.

టీకను గ్రాంథికంలో, తాత్పర్య విశేషాలను వాడుక భాషలో రాస్తున్నాను. టీక అర్థం కానివాళ్లు కంగారుపడనక్కర్లేదు. టీక మర్యాదే అంత.

గ్రంథకర్త ఎవరు? ఇది అపౌరుషేయం. దీన్ని కూర్చుని రాసిన మనిషి లేడు. బార్‌కోడ్ మీద స్కానర్ ఎర్రటి వెలుగు పడినప్పుడు ఒక్కో వాక్యం దానంతటదే పుడుతుంది. వాక్యాల నమూనాలను మాత్రం యూనివర్సల్ పోస్టల్ యూనియన్ స్థిరపరిచింది. 1874లో స్విట్జర్లాండులోని బెర్న్‌లో పుట్టిన సంస్థ అది. ప్రతి వాక్యానికీ మూడక్షరాల సంకేతం ఒకటి ఉంది: సంచి వెళితే ఈఎంసీ, దిగితే ఈఎండీ, కస్టమ్స్ ముందు పెడితే ఈడీబీ, వాళ్లు ఆపితే ఈఎంఈ. ఒక దేశపు తపాలా ఇంకో దేశపు తపాలాకు కంప్యూటర్లో పంపుకునే కబుర్లివి. లెక్క అప్పగించడానికి, తేడా వస్తే ఎక్కడ వచ్చిందో తేల్చుకోవడానికి పుట్టాయి. అంటే ఇద్దరు గుమాస్తాలు మాట్లాడుకుంటుంటే పక్కగదిలోంచి మనం చెవి ఒగ్గి వింటున్నాం. మన ప్రశ్న "ఎప్పుడొస్తుంది?" అని. వాళ్లు మాట్లాడుకునేది "నా చేతిలోంచి నీ చేతిలోకి వచ్చిందా?" అని. ఈ ఒక్క సంగతి పట్టుబడితే గ్రంథంలో సగం చిక్కులు విడిపోతాయి.

శాఖాభేదం. వేదానికున్నట్టే దీనికీ శాఖలున్నాయి. ఒకటి తపాలా శాఖ, రెండోది కొరియర్ శాఖ. కొరియర్ శాఖలో "క్లియరెన్స్ ఈవెంట్" వంటి నిగూఢ సూత్రాలుంటాయి. అక్కడ మొదటి ప్రశ్నే "మీరెవరు?" అని. ఆధారో పానో పంపి కేవైసీ చేస్తే తప్ప కథ ముందుకు నడవదు. దానికి వేరే వ్యాఖ్యాత పుడతాడు. ఇక్కడ తపాలా శాఖ పాఠాన్నే తీసుకున్నాను.

ఉదాహరణగా తీసుకున్న ప్రతి మా అక్కయ్యది. మేనకోడలు లెస్టర్ నుంచి హైదరాబాద్‌కు పంపిన పార్సిల్ తాలూకు పాఠం. అందులో రెండు స్వెటర్లు, మా బావగారికి ఒక మోకాలి పట్టీ.

మూలం

ఐటమ్ పోస్టెడ్.
అరైవల్ ఎట్ అవుట్‌వర్డ్ ఆఫీస్ ఆఫ్ ఎక్స్ఛేంజ్.
డిపార్చర్ ఫ్రమ్ అవుట్‌వర్డ్ ఆఫీస్ ఆఫ్ ఎక్స్ఛేంజ్.
అరైవల్ ఎట్ ఇన్‌వర్డ్ ఆఫీస్ ఆఫ్ ఎక్స్ఛేంజ్.
ప్రెజెంటెడ్ టు ఇంపోర్ట్ కస్టమ్స్.
హెల్డ్ బై ఇంపోర్ట్ కస్టమ్స్.
రిటర్న్డ్ ఫ్రమ్ ఇంపోర్ట్ కస్టమ్స్.
డిపార్చర్ ఫ్రమ్ ఇన్‌వర్డ్ ఆఫీస్ ఆఫ్ ఎక్స్ఛేంజ్.
అవుట్ ఫర్ డెలివరీ.
డెలివర్డ్.

ఛందస్సు: గణాలు లేవు. ప్రాస లేదు. యతి మాత్రం ఉంది. ఒక్కోసారి పాదానికీ పాదానికీ మధ్య పది రోజుల యతి.

పాఠభేదం: పంపిన దేశపు వెబ్‌సైట్లో ఒక పాఠం, మన దేశపు వెబ్‌సైట్లో ఇంకో పాఠం కనబడటం కద్దు. సంకేతం ఒకటే, దాన్ని ఎవరి మాటల్లో వాళ్లు విప్పుతారు. మనదాకా వచ్చాక మన సైట్ పాఠమే ముందు మారుతుందని సంప్రదాయజ్ఞులు చెబుతారు. అయినా అక్కయ్య రెండూ చదివేది. రెండింటిలో ఏది భయంకరంగా ఉంటే దాన్ని నమ్మేది.

బీజాక్షర ప్రకరణం

పారాయణకు ముందు మంత్రం కావాలి. ఈ మంత్రానికి పదమూడు అక్షరాలు: రెండక్షరాలు, తొమ్మిదంకెలు, మళ్లీ రెండక్షరాలు. ఎస్10 అనే ప్రమాణం దీన్ని విధించింది. మొదటి అక్షరం జాతి చెబుతుంది: ఆర్ అయితే రిజిస్టర్డ్, సీ అయితే పార్సిల్, ఈ అయితే స్పీడ్‌పోస్టుకు అంతర్జాతీయ రూపమైన ఈఎంఎస్. చివరి రెండక్షరాలు పుట్టిన దేశం: బ్రిటన్‌కు జీబీ, మనకు ఐఎన్. మనకు ఇంటిపేరు ముందొస్తుంది, దీనికి చివరొస్తుంది.

తొమ్మిదంకెల్లో చివరిది అలంకారం కాదు, కాపలాదారు. దాని లెక్క ఇది. ముందున్న ఎనిమిదంకెలను వరసగా 8, 6, 4, 2, 3, 5, 9, 7 అనే బరువులతో హెచ్చవేయాలి. ఉదాహరణకు 12345678 తీసుకుందాం. హెచ్చవేస్తే 8, 12, 12, 8, 15, 30, 63, 56 వస్తాయి. మొత్తం 204. దాన్ని 11తో భాగిస్తే శేషం 6. ఆ శేషాన్ని 11లోంచి తీసేస్తే 5. కాబట్టి మంత్రం ఆర్ఆర్ 123456785 జీబీ అవుతుంది. తీసివేతలో 10 వస్తే 0 వేయాలి, 11 వస్తే 5 వేయాలి. ఫోన్లో అక్కయ్య అంకెలు చదువుతుంటే నేను 78ని 87 అని రాసుకున్నాననుకోండి, లెక్క తప్పుతుంది, సైట్ "ఇన్‌వ్యాలిడ్" అంటుంది. ఎక్సెల్‌లో ఒక్క వరుసలో దీన్ని సరిచూసుకోవచ్చు. మూడో అంతస్తు సాఫ్ట్‌వేర్ కుర్రాడు అడక్కుండానే చేసిపెట్టాడు.

విశేషం: లెక్క కుదిరితే నంబరు వ్యాకరణశుద్ధంగా ఉన్నట్టే, పార్సిల్ ఉన్నట్టు కాదు. ఆన్‌లైన్లో అమ్మేవాడు లేబుల్ అచ్చేసిన నిమిషాన నంబరు పుడుతుంది. వస్తువు ఆ తర్వాత, ఎప్పుడో, ఆయన తీరిక మీద పుడుతుంది. మంత్రం జపించినా దేవత పలకని దినాలు చాలావరకు ఈ సంధికాలంలోవే.

1, 2 పాదాలు

స్పష్టము. (కష్టమైన చోట "స్పష్టము" అని రాసి దాటిపోవడం వ్యాఖ్యాతల జన్మహక్కు. ఇక్కడ మాత్రం నిజంగానే స్పష్టం.) బ్రిటన్ నుంచి విదేశాలకు పోయే తపాలా పోగయ్యే పెద్ద చోటు హీత్రో విమానాశ్రయం పక్కన లాంగ్లీలో ఉంది. "అవుట్‌వర్డ్ ఆఫీస్" అంటే అలాంటిది.

3వ పాదం

టీక: డిపార్చర్ = నిర్గమనము; ఫ్రమ్ = నుండి; అవుట్‌వర్డ్ ఆఫీస్ ఆఫ్ ఎక్స్ఛేంజ్ = బహిర్గామియైన తపాలాకు వినిమయ స్థానమగు చోటు. "పార్సిలుయొక్క" అని శేషము.

తాత్పర్యం: పార్సిల్ ఎగిరిపోయింది అని కాదు. సంచిలో పడింది, సంచి మూతి కట్టారు అని.

పూర్వపక్షం: "ఈ పాదం తర్వాత వారం దాటినా ఏమీ పడలేదు. ఎక్కడో ఆగిపోయిందయ్యా" అని మా బావగారి మతం. ఆయన బ్యాంకులో చేసి రిటైరయ్యారు. కదలని ఎంట్రీ కనబడితే ఆయనకు నిద్రపట్టదు.

సమాధానం: సంచికి తనదంటూ వేరే నంబరుంటుంది. అది ఇరవైతొమ్మిది అక్షరాల దండకం. ఇక్కణ్ణుంచి విమానాశ్రయంలో, విమానం పొట్టలో, మధ్యలో దిగే ఊళ్లో ఎవరు స్కాన్ చేసినా సంచినే చేస్తారు. లోపలున్న స్వెటర్ల సంగతి ఎవరికీ పట్టదు. సంచి ఎయిర్‌లైన్‌కు అప్పగించాక ఏ విమానంలో చోటుంటే అందులో ఎక్కుతుంది. అందుచేత మూడో పాదానికీ నాలుగో పాదానికీ నడుమ మూలం మౌనం వహిస్తుంది. పార్సిల్ కదలడం లేదని కాదు, దాని బార్‌కోడ్ ఎవరి కంటా పడటం లేదని. సముద్రాలు దాటే అసలు ప్రయాణమంతా ఈ మౌనంలోనే జరిగిపోతుంది. ట్రాకింగ్ అంటే వస్తువు వెంట మనం నడవడం అనుకుంటాం. నిజానికి దారిలో ఉన్న నాలుగైదు గుమ్మాల దగ్గర గంట మోగినప్పుడు వినడం, అంతే.

కాలవిచారం: ప్రతి పాదం పక్కన ఉండే గంటలు ఆ ఊరి గడియారానివి. టోక్యోలో సాయంత్రం ఎక్కింది లాస్ ఏంజెలెస్‌లో అదే రోజు పొద్దున దిగినట్టు కనబడుతుంది. దోషం కాదు. లిపికార ప్రమాదం అనుకొని దిద్దకూడదు.

4వ పాదం

మన దేశంలో విదేశీ తపాలా దిగే పెద్ద రేవులు ముంబై, ఢిల్లీ, చెన్నై, కోల్‌కతా వంటివి. సంచి మీద పంపినవాళ్లు ఏ ఊరి పేరు కట్టారో అక్కడికే పోతుంది. హైదరాబాద్ పార్సిల్ ఢిల్లీలో దిగిందేమిటి, దారి తప్పిందా అని అక్కయ్య అడిగింది. తప్పలేదు. సంచికి మన వీధి తెలియదు.

5వ పాదం

టీక: ప్రెజెంటెడ్ = సమర్పింపఁబడినది; టు = కొఱకు, కు; ఇంపోర్ట్ కస్టమ్స్ = దిగుమతి సుంకాధికారులు.

తాత్పర్యం: తపాలావారు పార్సిల్‌ను కస్టమ్స్ వారి ముందు పెట్టారు.

విశేషం: ఇక్కడ ఆగి కొంత విస్తరించాలి. కస్టమ్స్ అధికారి ముందున్నది ఏమిటి? ఎక్స్‌రే తెర మీద బూడిదరంగు నీడ ఒకటి. డబ్బా మీద అతికించిన చీటీ ఒకటి. చీటీ పేరు సీఎన్22. లోపలి వస్తువు విలువ 300 ఎస్‌డీఆర్‌ల లోపైతే ఇది సరిపోతుంది, పైనైతే సీఎన్23 నింపాలి. ఎస్‌డీఆర్ అంటే అంతర్జాతీయ ద్రవ్యనిధి వాడే లెక్క డబ్బు. ఎవరి జేబులోనూ ఉండదు, అన్ని దేశాల తపాలా లెక్కల్లోనూ ఉంటుంది.

చీటీలో పైన కొన్ని గడులుంటాయి: గిఫ్ట్, డాక్యుమెంట్లు, అమ్మకపు సరుకు, శాంపిల్, వాపసు సరుకు, ఇతరం. వాటిలో ఒకదానికి టిక్కు పెట్టాలి. కింద వస్తువు పేరు, ఎన్ని, బరువు ఎంత, విలువ ఎంత. చివర సంతకం. ఈ చీటీయే అసలు మూలం. మనం ఇన్ని రోజులూ పారాయణ చేస్తున్నది దానిమీద వచ్చిన వ్యాఖ్య మాత్రమే. తర్వాతి రెండు పాదాల తలరాత ఇక్కడే, పోస్టాఫీసు కౌంటర్ దగ్గర క్యూలో నిలబడి, దారానికి కట్టిన పెన్నుతో రాసేస్తారు.

మా మేనకోడలి పార్సిల్ ఇల్లు చేరాక చీటీని పరిశీలించాను. టిక్కు గిఫ్ట్ గడిలో ఉంది. వస్తువు పేరు రాయాల్సిన చోట గుండ్రటి అక్షరాల్లో "గిఫ్ట్ ఫర్ అమ్మ అండ్ నాన్న" అని ఉంది. చాలా బాగుంది. కానీ అది భావం. సుంకం వేసేది వస్తువు మీద. "ఊలు స్వెటర్లు, రెండు, మోకాలి పట్టీ, ఒకటి" అని రాసి పక్కన ధర వేసి ఉంటే అధికారికి చదవడానికి ఏదో ఒకటి ఉండేది.

గిఫ్ట్ అనే మాటకు ఇంకో గండం ఉంది. ఒకప్పుడు బహుమతి కింద వచ్చేవాటికి కొంత విలువదాకా సుంకం మాఫీ ఉండేది. విదేశీ ఈకామర్స్ సైట్లు ఆ సందులోంచి అమ్మకపు సరుకును కూడా బహుమతుల పేరుతో తోలడం మొదలుపెట్టాయి. దాంతో 2019 డిసెంబర్ 12న విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్ ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. పోస్టులోనో కొరియర్‌లోనో వచ్చేదాన్ని బహుమతిగా క్లియర్ చేయమని కోరడం అందులో నిషేధం. ఇది ఉత్సర్గ సూత్రం. దీనికి అపవాదాలు రెండే: ప్రాణరక్షక ఔషధాలు, రాఖీ. రాఖీ దగ్గర సూత్రకారుడు చూపిన సూక్ష్మదృష్టి చూడండి. రాఖీకి మినహాయింపు ఉంది, రాఖీతోపాటు పెట్టిన కానుకకు లేదు. దారం లోపలికి రావచ్చు, దారం పక్కనున్న చాక్లెట్ డబ్బా రాకూడదు. పాణిని కూడా ఇంత పొదుపుగా కత్తిరించేవాడు కాదేమో.

ఐతే బహుమతి పంపడమే నేరమా? కాదు. పూర్తి సుంకం కట్టి తెచ్చుకోవచ్చని ఆ నోటిఫికేషన్లోనే వివరణ ఉంది. నిషేధం ప్రేమ మీద కాదు, మాఫీ మీద.

6వ పాదం

టీక: హెల్డ్ = నిలుపఁబడినది; బై ఇంపోర్ట్ కస్టమ్స్ = దిగుమతి సుంకాధికారులచేత.

తాత్పర్యం: కస్టమ్స్ వారు చూస్తున్నారు. ఇంకా చూడటం అయిపోలేదు.

విశేషం: గ్రంథం మొత్తంలో తృతీయా విభక్తిలో కర్త కనబడేది ఈ ఒక్క చోటే. సంచి కట్టి గోదాములో ఉంచింది ఎవరు, విమానంలో చోటివ్వనిది ఎవరు, దించినదాన్ని తెరవకుండా ఉంచింది ఎవరు, మూలం చెప్పదు. అక్కడంతా పార్సిల్ దానంతటదే వెళుతుంది, వస్తుంది. ఇక్కడికొచ్చేసరికి మాత్రం "ఫలానావారిచేత" అని వేలుపెట్టి చూపిస్తుంది. దాంతో నెల రోజులుగా పోగైన పాఠకుడి కోపమంతా ఆ ఒక్క "చేత" మీద పడుతుంది. పార్సిల్ నడకలో ఎక్కువ రోజులు మింగింది మూడో పాదం తర్వాతి మౌనం కావచ్చు. తిట్లు తినేది మాత్రం కస్టమ్స్. వాళ్ల మీద నాకేమీ ప్రేమ లేదు. వ్యాకరణం చేసిన అన్యాయాన్ని వ్యాఖ్యాత చెప్పకపోతే ఇంకెవరు చెబుతారు?

పూర్వపక్షాలు: "పట్టుకున్నారు అని ఉంది. అంటే కేసు పెడతారా? దాన్నెందుకు పంపమన్నావే, ఇక్కడ స్వెటర్లు దొరకవా?" అని బావగారు అక్కయ్యతో. "లంచం కోసం ఆపుతారండీ" అని పక్క ఫ్లాటాయన. "సర్వర్ అప్‌డేట్ కాలేదంకుల్" అని మూడో అంతస్తు కుర్రాడు.

సిద్ధాంతం: ఆగడానికి మామూలు కారణాలు మూడు రకాలు. విలువ తేలకపోవడం ఒకటి. అప్పుడు బిల్లో, డబ్బు కట్టిన రుజువో అడుగుతారు. మందులైతే డాక్టర్ చీటీ అడుగుతారు. చిరునామాదారుకు ఉత్తరం వస్తుంది. అది ప్రేమలేఖ కాదు కాబట్టి జవాబు ఆలస్యం చేయకూడదు. రెండోది సుంకం లెక్క. వస్తువు ధరకు రవాణా ఖర్చు, బీమా కలిపి, కస్టమ్స్ వారు ప్రకటించిన మారకపు రేటుతో రూపాయల్లోకి మార్చి, దానిమీద వేస్తారు. మేనకోడలు "స్వెటర్ సేల్‌లో కొన్నా మామయ్యా, దానికి సుంకమేమిటి" అంది. తపాలా ఖర్చు స్వెటర్ ధరతో పోటీపడితే అదీ విలువలోకే వస్తుందమ్మా అని చెప్పాను. తేలిన సుంకం వంద రూపాయలు దాటకపోతే వసూలు చేయకూడదని 1962 నాటి కస్టమ్స్ చట్టం 25వ సెక్షన్ ఆరో ఉపసెక్షన్ చెబుతోంది. అక్కయ్యకు ఈ వాక్యం చదివి వినిపిస్తే మొదటిసారిగా నవ్వింది.

మూడోది అసలు రాకూడని వస్తువు. ఈ-సిగరెట్లను 2019లో చట్టం చేసి నిషేధించారు. తయారైన డ్రోన్ల దిగుమతిని 2022 ఫిబ్రవరిలో నిషేధించి, రక్షణకూ పరిశోధనకూ మాత్రం దారి ఉంచారు. మనవడి పుట్టినరోజుకని దుబాయ్ నుంచి డ్రోన్ పోస్టులో పంపే తాతగారికి ఆరో పాదమే ఆఖరి పాదం కావచ్చు.

రసం: విప్రలంభం. పార్సిల్‌కూ చిరునామాదారుకూ ఎడబాటు. ఆలంకారికులు చెప్పిన విరహావస్థలన్నీ ఇక్కడ కుదురుతాయి. జాగరం: అర్ధరాత్రి లేచి పేజీ రిఫ్రెష్ చేయడం. కార్శ్యం: ఫోన్ బ్యాటరీది. లజ్జాత్యాగం: ఆఫీసులో అందరూ వింటుండగా టోల్‌ఫ్రీ నంబరుకు ఫోన్ చేసి, "ఆర్ ఫర్ రాజమండ్రి, ఆర్ ఫర్ రాజమండ్రి" అని గొంతెత్తి చదవడం. ఉన్మాదావస్థలో మనిషి ఒకే నంబరును ఐదారు సైట్లలో వేసి చూస్తాడు. అన్నిటికీ అందేది అదే కబురు కాబట్టి అన్నీ అదే మాట చెబుతాయి.

ప్రక్షిప్త విచారం

గ్రంథం ప్రచారంలోకి వచ్చాక అందులో దొంగపద్యాలు దూరడం మన సాహిత్యానికి కొత్త కాదు. ఆరో పాదం దగ్గరే ఎక్కువగా దూరుతాయి. ఎస్సెమ్మెస్ రూపంలో వస్తాయి: "మీ ప్యాకేజీ గోదాముకు చేరింది, అడ్రస్ అసంపూర్తిగా ఉంది, 48 గంటల్లో సరిచేయండి" అంటూ కింద ఒక లింకు. లింకు తెరిస్తే తపాలావారి బొమ్మ, చిన్న రుసుము, కార్డు నంబరు అడిగే గడి. కేంద్ర ప్రభుత్వపు పీఐబీ ఫ్యాక్ట్‌చెక్ విభాగం ఇది నకిలీ అని చెప్పింది కూడా. ఇంకో ప్రక్షిప్తం ఫోన్లో వస్తుంది: "మీ పేరున వచ్చిన పార్సిల్లో మాదకద్రవ్యాలు దొరికాయి, వీడియో కాల్‌లోకి రండి."

పరిష్కర్తగా వీటిని తీసేయడానికి నాకున్న ఆధారం శైలి. మూలం ఎన్నడూ పాఠకుడితో మాట్లాడదు. "మీ" అనదు, "వెంటనే" అనదు, గడువు పెట్టదు, డబ్బు అడగదు. నిజమైన సుంకం ఉంటే పోస్ట్‌మన్ గుమ్మంలో నిలబడి రసీదిచ్చి తీసుకుంటాడు. ఎక్కడైనా ఆత్మీయంగా, తొందరగా పలకరించిందంటే అది మూలం కాదు. అప్పటికే డబ్బు పోయినవాళ్లు పిలవాల్సిన నంబరు 1930.

7వ పాదం

టీక: రిటర్న్డ్ = మరలింపఁబడినది; ఫ్రమ్ ఇంపోర్ట్ కస్టమ్స్ = దిగుమతి సుంకశాలనుండి.

పూర్వపక్షం: ఈ పాదం పడ్డరోజు అక్కయ్య ఏడుపుగొంతుతో ఫోన్ చేసింది. "తమ్ముడూ, తిప్పి పంపేశార్రా. పిల్ల అంత ఖర్చుపెట్టి పంపింది." బావగారు వెనకనుంచి, "నే చెప్పలా?" అంటున్నారు. ఈ పాదం దగ్గర ఇలా గుండె జారనివాళ్లు లేరు.

సమాధానం: వాక్యంలో పంచమి ఉంది, ఎక్కణ్ణుంచి అన్నది తెలుస్తోంది. చతుర్థి లేదు, ఎవరికి అన్నది చెప్పలేదు. చెప్పనిదాన్ని అధ్యాహారం చేసుకోవాలి. పాఠకులంతా భయం కొద్దీ "పంపినవారికి" అని అధ్యాహారం చేస్తున్నారు. అది అపార్థం. ఐదో పాదంలో కస్టమ్స్ వారి ముందు పెట్టింది ఎవరు? తపాలావారు. కాబట్టి మరలివచ్చింది వాళ్లకే. "తపాలావారికి" అని శేషం పూరించుకోవాలి. ఇద్దరు గుమాస్తాల మాటలని మొదట్లో చెప్పింది ఇందుకే. కస్టమ్స్ గుమాస్తా పార్సిల్‌ను తపాలా గుమాస్తా చేతికి తిరిగి ఇచ్చాడు. అతని పని అయిపోయింది.

తాత్పర్యం: కస్టమ్స్ గండం గడిచింది. ఇది గ్రంథంలోకెల్లా శుభవాక్యం. చూడ్డానికి చావుకబురులా ఉంటుంది.

విశేషం: నిజంగా భయపడాల్సిన పాదం వేరే ఉంది. అందులో "రిటర్న్ టు సెండర్" అని చతుర్థితో సహా స్పష్టంగా ఉంటుంది. అక్కయ్యకు ఇదంతా విభక్తులతో సహా ఫోన్లోనే వివరించాను. "ఐతే వస్తుందా రాదా?" అంది. వస్తుందన్నాను. "ఆ మాట ముందు చెప్పొచ్చుగా" అని పెట్టేసింది.

8, 9 పాదాలు

స్పష్టము. ఇక్కణ్ణుంచి పార్సిల్ దేశవాళీ తపాలా అయిపోతుంది. స్పీడ్‌పోస్టుకు జరిగేదే దీనికీ జరుగుతుంది. ఊళ్లు తెలిసినవి కాబట్టి పాఠకుడికి ధైర్యం వస్తుంది. నాగపూర్ అని కనబడగానే బావగారు రైలు టైములు చెప్పడం మొదలుపెట్టారు.

10వ పాదం

టీక: డెలివర్డ్ = అప్పగింపఁబడినది.

తాత్పర్యం: ఎవరికో ఒకరికి ఇచ్చేశారు.

విశేషం: ఇక్కడ కూడా చతుర్థి లేదు. ఏడో పాదంలో పనికొచ్చిన అధ్యాహారం ఇక్కడ పనికిరాదు. "చిరునామాదారుకు" అని పూరించుకుంటే మోసపోతారు. పేజీ మీద ఈ పాదం పడిందని అక్కయ్య తలుపు తీసి చూస్తే గుమ్మంలో ఏమీ లేదు. పాఠాంతరాలు పరిశీలించాల్సి వచ్చింది. ముందు కింద గేటు దగ్గర వాచ్‌మన్ని అడిగాం. తన డ్యూటీ మారాకే వచ్చుంటుందన్నాడు. పొద్దుటి వాచ్‌మన్ ఫోన్ ఎత్తలేదు. చివరికి 302వాళ్ల అమ్మాయి తెచ్చిచ్చింది. సుంకం నూట ఎనభై రూపాయలు వాళ్లే కట్టి రసీదు కూడా తీసుకున్నారు. అక్కయ్య డబ్బు ఇవ్వబోతే, "మీ దగ్గర మామిడికాయ పచ్చడి ఉందా ఆంటీ?" అని అడిగిందట.